కర్పూరం మీద చెయ్యి

"కుండ రావద్దన్నారు మే," అన్నాడు పచ్చయ్యప్ప రెండోసారి, మొదటిసారి చెల్లెలికి వినబడలేదేమోనని.

వినబడింది. మునెమ్మ రాగిపిండి జల్లించడం ఆపలేదు, అంతే. నాలుగు రోజులుగా ఆమె పనులన్నీ చేస్తూనే ఉంది, మాట్లాడటం ఒక్కటే మానేసింది. సెల్‌ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పడేసింది. ఆ మౌనానికి బెదిరే కొడుకూ కోడలూ బెంగుళూరులో రైలెక్కి, అరక్కోణంలో దిగి, కావళ్ళ జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడి పొద్దున్నే తిరుత్తణి చేరారు. వచ్చి మూడు గంటలైంది. నీళ్ళు కాచింది, తువ్వాలు ఇచ్చింది, ఇడ్లీలు పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు.

"ఎవురు మామా రావద్దనింది?" ముకేశ్ అడిగాడు.

"గంగమ్మ గుడి పెద్దలు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే గదా, పోయి చెప్పి రమ్మని నన్నే తోసినారు. తోడబుట్టినదానికి ఈ మాట చెప్పే ఖర్మ నాకే పట్టింది."

రేపు తమిళుల ఆడి నెల మూడో ఆదివారం. ఆ వీధిలో తెలుగిళ్ళన్నీ గంగమ్మకి అంబలి పోసే రోజు. పంతొమ్మిదేళ్ళుగా మునెమ్మ కుండ ఆ గుడి ముందు దిగని ఆడి లేదు. మొగుడు నాగలింగం తాగుడుకి మరిగిన ఏడు మొక్కుకుంది. తాగుడు నా గడప దాటి లోపలికి రాకుండా చూడు తల్లీ, బతికున్నన్నాళ్ళూ నీకు అంబలి పోస్తాను అని. నాగలింగం పోయి ఎనిమిదేళ్ళయింది. తల్లి తన వంతు నిలబెట్టుకుందా లేదా అని మునెమ్మ ఎన్నడూ నిలదీయలేదు. ఉన్న ఒక్క కొడుకు తండ్రి దారి పట్టకుండా ఉంటే చాలని కుండ దించుతూనే ఉంది.

"ఎందుకంట?" ముకేశ్ గొంతు లేచింది. "నేను బెంగుళూరులో బీరు చేసి అమ్ముతానని వాళ్ళకి ఈ రోజు తెలిసిందా? రెండేండ్లుగా తెలుసు గదా."

"బీరు చేస్తే చెయ్యి. సుందరం గవర్మెంటు బ్రాందీ అంగట్లో సేల్స్‌మేన్. వాళ్ళింటి కుండ రావడంలా? దానికి కాదు." పచ్చయ్యప్ప చొక్కా జేబులోంచి గుండ్రటి అట్టముక్క ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "దీనికి."

గ్లాసు కింద పెట్టే అట్ట అది. దాని మీద గీతల్లో మునెమ్మ ముఖం. రెండు పక్కలా ముక్కుపుడకలు, పక్కన ఒక కుండ. ఎనిమిదేళ్ళ కింద చెరిపేసిన బొట్టు బొమ్మలో రూపాయంత ఉంది. బొమ్మ వేసినవాడికి ఖాళీ నుదురు బాగా కనబడలేదేమో.

"మన వీధి మహేష్ బెంగుళూరుకి పోయినప్పుడు మీ బీరు అంగడి నుంచి తెచ్చినాడు. వారం రోజులుగా వీధంతా చేతులు మారి నలిగిపోయింది," అన్నాడు పచ్చయ్యప్ప.

మునెమ్మ జల్లెడ కింద పెట్టింది. "ఏం రాసుండాది దాంట్లో?"

నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. ముకేశ్, అతని భార్య ప్రియదర్శిని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు, ఇద్దరికీ నోరు రాలేదు. చివరికి ఇంగ్లీషు రాని పచ్చయ్యప్పే చెప్పాడు.

"మహేష్ సదివి చెప్పినాడు. దీన్ని తాగితే మనిషి ఇంటికొస్తాడు, అని ఉండాదంట. కింద నీ పేరు. వెనక పక్క, అమ్మోరికి పోసే కుండలో అంబలి పులుపు తోడుకి తీసి ఈ బీరు చేసినాము అనుండాదంట."

బీరుకి తన పేరు పెట్టారని మునెమ్మకి నాలుగు రోజుల కిందే తెలిసింది. మాట సంగతి ఇప్పుడే తెలిసింది.

"అది నేను అంబలి గురించి చెప్పిన మాట," అంది.

"అంబలి గురించే అత్తా," ప్రియదర్శిని ముందుకొచ్చింది. "పోయిన ఆడిలో మీరు కుండ కలపతా ఉంటే నేను ఫోన్లో వీడియో తీసినాను గదా. మీ నోటి మాటే. నేను ఒక్క అక్షరం కలపలేదు."

"కలపలేదమ్మా. తీసేసినావు. నేను ఇంకా చెప్పినాను. అదంతా యాడ పోయె?"

కోడలు తల దించుకుంది. అదంతా కత్తిరింపులో పోయింది. ముప్ఫై సెకన్లు దాటితే అట్లాంటి వీడియోలు ఎవరూ చూడరు.

ఆ రోజు మునెమ్మ చెప్పింది ఇది. నాగలింగం తిరువళ్ళూరు రైసుమిల్లులో పని ముగించుకుని సాయంత్రం బస్సు దిగే వేళకి, ఆమె చెంబుతో అంబలి పట్టుకుని బస్టాపులో నిలబడేది. దిగీ దిగగానే చేతికిచ్చేది. దీన్ని తాగితే మనిషి ఇంటికొస్తాడు, కడుపు నిండింది గనక. తాగకపోతే ఎదురుగా ఉన్న అంగడికి పోతాడు. పదకొండేండ్లు నిలబడినాను, వంద రోజులు గెలిచి ఉంటానేమో, అంది. కొత్త కోడలు ఫోను పట్టుకుని అంత శ్రద్ధగా వింటుంటే, తన కష్టం ఒకరు అడిగినందుకు సంతోషపడి మరీ చెప్పింది.

"మీ నాయన దేంతో పోయినాడు?" ఇప్పుడు కొడుకుని అడిగింది.

"అమ్మా."

"చెప్పు. మీ మామ ముందర చెప్పు."

"తెలుసుగా నీకు."

"నాకు తెలుసు. నీకు తెలుసునా అని అడగతా ఉండాను."

ముకేశ్ కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి పోయాడు. ఆ ఇంట్లో జవాబు లేని మొగవాళ్ళందరూ ఆ కిటికీ దగ్గరికే పోతారు.

"అత్తా, తప్పు నాది, ఆయన్ని అనొద్దు," అంది ప్రియదర్శిని. పొన్నేరి పిల్ల ఆమె. చెన్నైలో ప్రకటనల కంపెనీలో ఆరేళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక మొగుడి బీరు అమ్మిపెట్టే భారం నెత్తికెత్తుకుంది. "మా రోడ్డులోనే ఇట్లా బీరు చేసి అమ్మే అంగళ్ళు ఏడు ఉండాయి. అందరి దగ్గరా తొట్లే, అందరి దగ్గరా అదే గోధుమ బీరే. పేపర్లో ప్రకటన వెయ్యకూడదు, తాగండి అని యాడా చెప్పకూడదు, చట్టం ఒప్పుకోదు. మంగళవారం క్విజ్జు పెట్టినాను. చిన్న గ్లాసుల్లో నాలుగు రుచులు పెట్టి ఏది నచ్చిందో చెప్పమన్నాను. బీరు ఎట్ల చేస్తారో చూపిస్తామని జనాన్ని పిలిచినాను. వచ్చినారు, ఫోటోలు తీసుకున్నారు, పోయినారు. రెండో తూరి ఎవురూ రాలేదు. బీరు ఎవురైనా చేస్తారత్తా. మళ్ళీ రావాలంటే దాని వెనక ఒక మనిషి ఉండాల, ఒక కత ఉండాల. గ్లాసు పెట్టేటప్పుడు సర్వరు చెప్పే మాట వాళ్ళకి ఇంటికి పోయినాక కూడా గుర్తుండాల."

"గుర్తుండిందా?"

"ఉండింది," ప్రియదర్శిని ఉన్నదే చెప్పింది. "మిగతావేవీ కదల్లేదు. మీ పేరు పెట్టిందొక్కటే అమ్ముడుపోయింది. అది లేకుంటే ఈ పాటికి మూసేసి ఉంటాము."

"ముఖం అడిగుంటే ఇచ్చేదాన్ని. పేరు అడిగుంటే అదీ ఇచ్చేదాన్నేమో." మునెమ్మ అట్ట వైపు వేలు చూపించింది, ముట్టుకోలేదు. "బొట్టు ఎందుకమ్మా పెట్టినారు?"

ప్రియదర్శిని అట్టని దగ్గరికి లాక్కుని బొమ్మ నుదుటిని వేలితో కప్పింది.

పచ్చయ్యప్ప గొంతు సవరించుకున్నాడు. ఏడుపులు మొదలవ్వకముందే పని ముగించుకోవాలనే రకం మనిషి. "సరే, ఆ పులుపు సంగతి చూద్దాం. అమ్ముకునేదానికి ఊరికే రాసుకున్నాం, నిజంగా తియ్యలేదు అని చెప్పేస్తే పెద్దలు కొంచెం దిగుతారు. చెప్తావా?"

"నిజంగానే తీసినాను మామా," ముకేశ్ ఇటు తిరిగాడు. "పోయిన ఆడిలో వాటర్ బాటిల్లో పోసి పట్టుకపోయినాను. ఆ పులుపు ఇంక యాడా రాదు. నేను అబద్ధం చెప్పి ఒక్క గ్లాసు కూడా అమ్మలేదు."

ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది. అబద్ధం చెప్పనని చెప్పుకునే మనిషికి ఆ రోజు ఇంకా చాలా పొద్దు మిగిలి ఉంది.

పచ్చయ్యప్ప కాసేపు కణత గోక్కున్నాడు. "అయితే ఒకటే దారి. నిన్ననే మాట్లాడి ఉంచినాను. పులుపు తీసినదానికి పరిహారంగా అమ్మోరికి పసుపునీళ్ళ అభిషేకం చేయిస్తాం. ఇంట్లో తాగేవాడు లేడని తేలితే చాలంటా ఉండారు. చేసేది పని, తాగేది వేరే, అది వాళ్ళకీ తెలుసు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నువ్వు గుడికాడికి వచ్చి, చుక్క నా నోట పడలేదు అని సూడం ఆర్పు. రేపు కుండ దిగతాది. నాదీ..."

"ఆర్పుతాను," అన్నాడు ముకేశ్.

నాదీ పూచీ అని మేనమామ ముగించేలోపే అనేశాడు.

సూడం అంటే కర్పూరం. అమ్మవారి ఎదుట రాతి మీద వెలిగిస్తారు. చెప్పాల్సిన మాట చెప్పి, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో అదిమి ఆర్పాలి. కోర్టులో తడుముకోకుండా బొంకేవాళ్ళు కూడా ఆ రాతి దగ్గర నీళ్ళు నములుతారని వీధిలో పేరు.

"తయారు చేసేవాడు తాగాలని ఏముంది?" ముకేశ్ ఇంకా చెబుతున్నాడు. "సుందరం తాగతాడా? నేను రుచి చూసి ఉమ్మేస్తాను. రెండేండ్ల కిందే అమ్మ నెత్తి మీద చెయ్యిపెట్టి చెప్పినాను."

పచ్చయ్యప్ప ముఖం విప్పారింది. మునెమ్మ కొడుకు వైపు చూడలేదు. కోడలి వైపు చూసింది. ప్రియదర్శిని బల్ల మీది అట్టముక్కని తిరగేసి, మళ్ళీ తిరగేసి, నలిగిన అంచుని గోరుతో సాపు చేస్తోంది.

*

మధ్యాహ్నం అన్నాలు మాటల్లేకుండా సాగాయి. ఆడి మొక్కు ఇల్లు గనక పప్పూ, మునగాకు తాళింపే. ముకేశ్ ఫోను మోగింది. చేతికి అన్నం అంటుకుని ఉండి, వేలి వెనకతో నొక్కాడు. స్పీకరు మీద పడింది.

బీరు అంగట్లో పార్ట్‌నర్ మురళీధరన్. రేపటి ఆడి పండగకి అన్ని బల్లలూ బుక్కయిపోయాయట. మట్టికుండలు తెప్పించాడట, గుమ్మానికి వేపాకు తోరణం కట్టించాడట. "మీ అమ్మని తీసుకొస్తున్నావు కదా? ఆమె మొదటి గ్లాసు తన చేత్తో పోస్తే చాలు. ఇంక ఈ ఏడాదంతా మనం దేనికీ వెతుక్కోనక్కర్లేదు."

"తర్వాత చేస్తాను సార్," అని ముకేశ్ కట్ చేశాడు.

మునెమ్మ మజ్జిగ గరిట గిన్నెలో అట్లాగే పట్టుకుని ఉంది.

"నేను వస్తానని చెప్పేసినావా?" అంది.

"అడగడానికి వచ్చినాను," అన్నాడు ముకేశ్. "అడగలేదు గదా. అడగను."

అతను లేచి చెయ్యి కడుక్కుని ముందు గదిలో చాప మీద పడుకున్నాడు. నిద్ర పోలేదు, కళ్ళు మూసుకున్నాడు. వచ్చింది అమ్మ అలక తీర్చడానికా, అమ్మని పట్టుకుపోవడానికా అన్నది అతనికే సరిగ్గా తెలిసినట్టు లేదు.

పెరట్లో రేకుల నీడలో అత్తాకోడళ్ళు నూకల్లో రాళ్ళు ఏరుతున్నారు. ప్రియదర్శిని మాట్లాడుతూనే ఉంది. అట్టలన్నీ తీయించేస్తానంది. పేరు మారుస్తానంది. బొట్టు లేకుండా కొత్త బొమ్మ వేయిస్తానంది, కాసేపటికి అసలు బొమ్మే వద్దంది. కుక్క మొరిగినా ఉలిక్కిపడేవాళ్ళు దారిలో పాటలు పాడుకుంటూ పోతారే, అట్లా మాట్లాడింది.

మునెమ్మ విని విని చేట పక్కన పెట్టింది.

"ముకేశు వాళ్ళ నాయన, మీ మామ, మూడు తూర్లు సూడం ఆర్పినాడు. తెలుసునా నీకు?"

"తెలియదత్తా."

"మొదటి తూరి ఆయనంతట ఆయనే. రెండో తూరి మా అన్న పిలిపించినాడు. మూడో తూరి నేను. బీరువా వెనక సీసా నా చేతికి దొరికింది. దొరికినాక కూడా, తాగడంలేదని సత్యం చెయ్యి రా అని నేనే పట్టుబట్టి తీసకపోయినాను. ఆ భయానికైనా మానతాడని." చేతికంటిన నూకల పొడి కొంగుకి తుడుచుకుంది. "ఆర్పినాడు. చెయ్యి కూడా వణకలేదు. అది ఆడి. మళ్ళీ తై నెల సంక్రాంతి చూడలేదు ఆయన. తిరువళ్ళూరు ఆస్పత్రిలో డాక్టరు ఈరల్ చెడిపోయింది అన్నాడు. ఆ రాయి సంగతి డాక్టరుకి యాడ తెలుసు?"

"అట్ల అనుకోవద్దత్తా. తాగి తాగి లివర్ పోయింది, అంతే."

"తాగే పోయినాడమ్మా, నాకూ తెలుసు. అయినా అబద్ధమని తెలిసి ఆ చెయ్యి తీసకపోయి రాతి మీద పెట్టించింది నేను. ఎనిమిదేండ్లుగా ఎవురికీ చెప్పలేదు. నీకు చెప్తా ఉండాను, ఎందుకంటే ఇప్పుడు నీ చేతిలో ఫోను లేదు."

ప్రియదర్శిని కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

"ఒక్కటే అడుగుతాను," అంది మునెమ్మ. "ముకేశు చెయ్యి ఆ సూడం మీద పెట్టొచ్చునా?"

ప్రియదర్శిని నూకల్లోకి వంగింది. ఒక రాయి తీసింది. ఇంకో రాయి తీసింది. మూడోది రాయి కాదు, నూకే. దాన్నీ తీసి పక్కన పెట్టింది.

"రుచి చూడాల గదత్తా. అది పని. చూడకుండా ఎట్ల చేస్తారు?"

"ఉమ్మేస్తానన్నాడు."

"మొదట్లో ఉమ్మేసేవాడు."

"ఇప్పుడు?"

పక్కింట్లో కుక్కరు మూడు కూతలు కూసింది. మునెమ్మ తొందరపెట్టలేదు. తాగేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో ఆమెకి తెలుసు.

"జనం రాని రోజు ఎక్కువ," అంది ప్రియదర్శిని చివరికి. "అందరూ పోయినాక తొట్టి దగ్గర ఒక్కడే కూర్చుంటాడు. పిలిస్తే వస్తా అంటాడు, రాడు. పొద్దున కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. సర్వర్లు చూడకుండా నేను ముందర నిలబడతాను." ఏరిన రాళ్ళని వేలితో కుప్ప చేసింది. "మీ పేరు బీరు అమ్ముడుపోతే దిగులు పోయి తగ్గుతాడనుకున్నానత్తా. దానికే నేను అంత పాటుపడి అమ్మినాను. ఇప్పుడు జనం వస్తా ఉండారు. ఇప్పుడు సంతోషానికి తాగతా ఉండాడు."

మునెమ్మ ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని, లోపల పడుకున్నవాడికి వినబడకుండా ఏడ్చింది. పదకొండేళ్ళ అలవాటు అది, ఎనిమిదేళ్ళు వాడకపోయినా మరిచిపోలేదు. పంతొమ్మిది కుండలు పోసింది. దేన్ని గడప దాటనివ్వద్దని పోసిందో అది దర్జాగా లోపలికి వచ్చి, పొద్దున ఆమె చేతి ఇడ్లీలు తిని, ముందు గదిలో చాప మీద పడుకుని ఉంది.

"అత్తా." ప్రియదర్శిని ఆమె మోకాలు పట్టుకుంది. "నేను చెప్పినట్టు ఆయనకి తెలియకూడదు. ఆయన మనసు విప్పి మాట్లాడేది నాతో ఒక్కదానితోనే. అది కూడా పోతే ఇంక ఆయన్ని పట్టుకునే దారి నాకు లేదు."

"చెప్పను," అంది మునెమ్మ, కోడలి చెయ్యి పట్టుకుని మరీ.

*

అయిదున్నరకి పచ్చయ్యప్ప బైకు వేసుకుని వచ్చాడు. ముకేశ్ తలస్నానం చేసి, పంచె కట్టి, నుదుట విభూతి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

మునెమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. "అన్నా, ఈ ఏడు కుండ రాదు."

"ఇప్పుడేమైంది?"

"కోడలు దూరం. ఇంట్లో ముట్టు పెట్టుకుని అమ్మోరికి అంబలి ఎట్ల కాస్తాను? కుండే రానప్పుడు సత్యం దేనికి? పెద్దలకి చెప్పేయ్."

పచ్చయ్యప్ప చూపు తిప్పుకున్నాడు. మొగవాళ్ళు మారు ప్రశ్న వెయ్యలేని అబద్ధం అది. మునెమ్మ మధ్యాహ్నమంతా వెతికి పట్టుకుంది. మొగవాళ్ళలో ఒక మొగుడు కూడా ఉంటాడని మరిచిపోయింది.

"అట్లేం లేదు మామా," అన్నాడు ముకేశ్. "అది పోయిన వారమే అయిపోయింది. నా మీద కోపంతో అమ్మ అట్ల చెప్తా ఉండాది."

"ముకేశూ, నాకు కుండ వద్దు."

"నీకా వద్దు? పంతొమ్మిదేండ్లు పోసినావు. నా వల్ల ఆగిపోయిందని వీధంతా అనుకోవాల్నా?" దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నీ మాట ఎత్తుకుపోయింది తప్పేమ్మా. దాన్ని వెనక్కి తెచ్చి నీకు ఇయ్యలేను. కుండ ఒక్కటైనా ఇచ్చి పోతాను. నన్ను చెయ్యనీ."

అతను దగ్గరికొచ్చినప్పుడు మునెమ్మ ఊపిరి పీల్చి చూసింది. సబ్బు వాసన వచ్చింది, విభూతి వాసన వచ్చింది. ఇంకేమీ రాలేదు. కొడుకుని అట్లా వాసన చూసినందుకు ఆమెకే సిగ్గేసింది.

"నిజం చెప్పు నాయనా. ఆర్పగలవా?"

"నన్ను నమ్మవా?"

నమ్మను అంటే ఎందుకని అడుగుతాడు. ఎవరు చెప్పారని అడుగుతాడు. లోపల ప్రియదర్శిని గోడకి ఆనుకుని నిలబడి ఉంది, మునెమ్మ వైపే చూస్తూ. మునెమ్మ నోరు తెరిచి మూసుకుంది. ఆ మూసుకోవడాన్ని ముకేశ్ సరేననడంగా తీసుకున్నాడు. ఆమెని మెల్లగా భుజం పట్టుకుని పక్కకి జరిపి, మేనమామ వెనక బైకెక్కాడు.

బైకు మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే ఉంది. తర్వాత చెప్పుల కోసం కూడా వెతుక్కోకుండా నడవడం మొదలుపెట్టింది.

"అత్తా, మీరు మాట ఇచ్చినారు," ప్రియదర్శిని వెనక పరిగెత్తుతూ వచ్చింది.

"ఇచ్చినాను."

"మరి యాడికి పోతా ఉండారు?"

మునెమ్మ నడక పెంచింది. గుడి నాలుగు వీధుల అవతల.

రేపటి కోసం గుడి ముందు పందిరి వేశారు. కుండలు దించే చోట ఆడపిల్లలు ముగ్గులు పెడుతున్నారు. పెద్దలు అయిదుగురు, వాళ్ళ వెనక సుందరం, మహేష్, మహేష్ అమ్మ, ఇంకా వీధిలో సగం మంది. పూజారి రాతి మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించేశాడు. దాని ముందు ముకేశ్ నిలబడి ఉన్నాడు, కుడి చెయ్యి చాచి.

చెయ్యి వణుకుతోంది.

నాగలింగం చెయ్యి ఏనాడూ వణకలేదు. వీడికి భయం ఉంది, వీడికి ఇంకా భయం ఉంది అని మునెమ్మకి ఒక్క క్షణం పట్టరాని సంతోషం కలిగింది. అది భయమో, కోడలు చెప్పిన పొద్దుటి వణుకో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

"చెప్పు నాయనా," అన్నాడు పూజారి.

"తల్లీ," అన్నాడు ముకేశ్. "చుక్క కూడా నా నోట..."

మునెమ్మ ముగ్గు తొక్కుకుంటూ మధ్యలోకి వచ్చింది. కొడుకు చేతిని పక్కకి తోసింది. ఆమె గొంతు గట్టిగా రాలేదు, కానీ పందిరి కింద అందరికీ వినబడింది.

"తల్లీ, నా కొడుకు తాగతాడు. ఇది సత్యం."

అరచెయ్యి మంట మీద పెట్టి అదిమింది. పూర్తిగా ఆరేదాకా తియ్యలేదు.

పచ్చయ్యప్ప "మునెమ్మా" అంటూ ఒక అడుగు ముందుకేశాడు.

"వాడు ఏమీ చెప్పలేదు తల్లీ," ఆమె రాతి ముందు నుంచి కదలకుండా అంది. "సగం మాట. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. నా కుండ నీకు వద్దంటే రేపు తీసుకోవద్దు. వాణ్ణి మాత్రం ఏమీ చెయ్యొద్దు."

కాలిన చేతిని కడుపుకి ఆనించుకుని కొడుకు వైపు తిరిగింది. తిట్టినా సరే, కొట్టినా సరే, ఏడ్చినా సరే అనుకుంది. ముకేశ్ అవేమీ చెయ్యలేదు. చాలాసేపు ఆ చేతినే చూస్తూ ఉండి, తల ఎత్తాడు.

"నీకు ఎవురు చెప్పినారు?" అన్నాడు.

అడిగింది తల్లిని. కళ్ళు మాత్రం ఆమె భుజం మీదుగా, వెనక వచ్చి నిలబడిన ప్రియదర్శిని మీద ఉన్నాయి.